ఒక రాష్ట్రాన్ని చదవడం ఎలా? బాటసింగారం నుంచి టెక్సాస్ దాకా

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తర్వాత మీరు:
- ఒక రాష్ట్ర చరిత్రను, భూగోళాన్ని కలిపి చదవడానికి వేయవలసిన అయిదు ప్రశ్నలను గుర్తిస్తారు.
- అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని, మన తెలంగాణను ఆ ప్రశ్నల ఆధారంగా పోల్చి వివరించగలుగుతారు.
- మీ సొంత ఊరిని ఆధారంగా చేసుకుని రాష్ట్ర చరిత్ర రాయడం మొదలుపెట్టగలుగుతారు.

1. పరిచయం

నా మనవరాలు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ దగ్గర ఒక బడిలో నాలుగో తరగతి చదువుతోంది. అక్కడ పిల్లలకు నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మళ్లీ ఒకసారి టెక్సాస్ చరిత్ర బోధిస్తారు. ఒక ఆదివారం ఫోన్లో ఆ అమ్మాయి నన్ను అడిగింది: "తాతా, మీ స్టేట్ హిస్టరీ మీకు ఏ క్లాసులో చెప్పారు?"

మూడు దశాబ్దాలకు పైగా చరిత్ర బోధించినవాణ్ణి నేను. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో చదువుకున్నాను. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు పూర్తయిందో, ఎవరు కట్టించారో బడిలో కంఠతా పట్టాను. మంచి మార్కులు కూడా వచ్చాయి. మా ఊరి చెరువును ఎవరు తవ్వించారో, దాని తూము నీళ్లు ఎన్ని ఎకరాలకు పారేవో మాత్రం నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. 1969లో మా బడి నెలల తరబడి మూతపడింది. ఎందుకు మూతపడిందో పెద్దవాళ్లు అరుగుల మీద మాట్లాడుకునేవారు. పుస్తకంలో మాత్రం ఆ సంగతి లేదు.

మీలో చాలామంది నాలాగే చదువుకున్నవాళ్లు. ఇప్పుడు తెలంగాణ చరిత్ర, భూగోళం ఉద్యోగ పరీక్షల్లో తప్పనిసరి అయ్యాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగే యువకుల చేతుల్లో ఆ పుస్తకాలే కనిపిస్తాయి. అయితే వాటిని చాలామంది విడివిడి జాబితాలుగా చదువుతారు: నదులు ఒక పేజీలో, రాజులు మరో పేజీలో, ఉద్యమాలు ఇంకో పేజీలో. అలా చదివింది పరీక్ష అయిన వారానికే మరిచిపోతారు. నది ఎక్కడ పారిందో తెలియకపోతే రాజు ఆ చోటే చెరువు ఎందుకు తవ్వించాడో అర్థం కాదు. దారి ఎటు పోతుందో తెలియకపోతే సంత ఆ ఊళ్లోనే ఎందుకు పుట్టిందో అర్థం కాదు.

ఈ వ్యాసంలో మనం ఒక చోట నిలబడి చూద్దాం. ఆ చోటు బాటసింగారం. ఎల్.బి.నగర్ నుంచి విజయవాడ రోడ్డున హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ దాటితే, సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. హైదరాబాద్ పండ్ల మార్కెట్ ఇప్పుడు అక్కడే ఉంది. పోలిక కోసం నా మనవరాలు చదువుతున్న టెక్సాస్‌ను పక్కన పెట్టుకుందాం.

ముందుగా రెండు కొలతలు గుర్తుంచుకోండి. టెక్సాస్ విస్తీర్ణం సుమారు 6,95,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే టెక్సాస్ మనకంటే ఆరింతలు పెద్దది. జనాభా చూస్తే 2020 లెక్కల ప్రకారం టెక్సాస్‌లో 2.91 కోట్ల మంది, 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో 3.50 కోట్ల మంది ఉన్నారు. ఇంత తేడా ఉన్న రెండు రాష్ట్రాలకూ ఒకే అయిదు ప్రశ్నలు వేయవచ్చు.

2. మొదటి ప్రశ్న: ఇక్కడి నేల ఏమిటి?

కొంతకాలం క్రితం ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో ఊళ్ల పేర్లు లేని తెలంగాణ పటాన్ని గోడకు తగిలించాను. ఎవరికి తెలిసిన ఊరిని వారు గుర్తించమన్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక అభ్యాసకుడు లేవడానికి ఇష్టపడలేదు. అతను బాటసింగారం మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమాస్తా. ఉద్యోగ పరీక్షలో తెలంగాణ చరిత్ర పేపరు తనను రెండుసార్లు దెబ్బతీసిందని అంతకుముందే చెప్పాడు.

"జిల్లాల పేర్లు నాకు గుర్తుండవు సార్. బండి ఎక్కణ్ణుంచి వచ్చిందో అంటే చెప్తా" అన్నాడు.

"అదే చెప్పండి" అన్నాను.

అతను పటం దగ్గరికి వచ్చాడు. బేనిషాన్ మామిడి ఎక్కువగా కొల్లాపూర్ వైపు నుంచి, జగిత్యాల వైపు నుంచి వస్తుందని రెండు చుక్కలు పెట్టాడు. బత్తాయికి నల్లగొండ దగ్గర ఒక చుక్క పెట్టాడు. నాగపూర్ సంత్రా, కశ్మీర్ యాపిల్ పటం బయట నుంచి వస్తాయని గోడ మీద వేలితో చూపించాడు. అతను తనకు తెలియకుండానే తెలంగాణ నేలల పటం గీయడం మొదలుపెట్టాడు. అది చదువేనని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

తెలంగాణ దక్కన్ పీఠభూమిలో భాగం. బాటసింగారం చుట్టూ కనిపించే గుండ్లు, బండలు గ్రానైటు. వీటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి అరిగి ఏర్పడినవే మన ఎర్ర చెల్క భూములు. వీటిలో నీరు ఎక్కువ సేపు నిలవదు. ఇటువంటి నేలలో పండ్లతోటలు, ముఖ్యంగా బత్తాయి తోటలు బాగా వస్తాయి. ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ వైపు వెళ్తే లావా గట్టిపడి ఏర్పడిన రాయి, దాని మీద నల్లరేగడి కనిపిస్తాయి. అక్కడ పత్తి, కంది, శనగ పండుతాయి.

టెక్సాస్ మధ్యలో కూడా నల్లరేగడి వంటి నేల ఉంది. డాలస్, ఆస్టిన్ నగరాలు ఆ నల్లనేల పట్టీకి ఆనుకునే పెరిగాయి. ఎండితే నెర్రెలు విచ్చి, తడిస్తే ఉబ్బే స్వభావం ఆ నేలకూ ఉంది. అక్కడా పత్తే పండింది. ఈ పోలిక యాదృచ్ఛికం అనుకోకండి. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు చేరడం ఆగిపోయింది. వెంటనే దక్కన్ పత్తి ధర పెరిగింది. అప్పటికి నిజాం పేరున ఉండి బ్రిటిష్ వారి పాలనలో నడుస్తున్న బేరార్‌లో పత్తి సాగు విస్తరించింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. అమెరికాలో జరిగిన యుద్ధం ఫలితాన్ని దక్కన్ రైతు కూడా అనుభవించాడు. నేలను చదివితేనే ఈ సంబంధం కనిపిస్తుంది.

3. రెండవ ప్రశ్న: నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

టెక్సాస్‌లో తూర్పు నుంచి పడమరకు ప్రయాణిస్తే వాన తగ్గుతూ పోతుంది. ఆగ్నేయ మూలన ఏడాదికి సుమారు 150 సెంటీమీటర్ల వర్షం పడితే, పడమటి అంచున ఉన్న ఎల్ పాసోలో 25 సెంటీమీటర్లు కూడా పడదు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన వాల్టర్ ప్రెస్కాట్ వెబ్ 1931లో "ద గ్రేట్ ప్లెయిన్స్" అనే గ్రంథం ప్రచురించాడు. ఆయన వాదన క్లుప్తంగా ఇది: 98వ పశ్చిమ రేఖాంశం దాటాక వాన చాలదు, చెట్లు ఉండవు. తూర్పున అడవుల మధ్య వ్యవసాయం నేర్చిన వలసదారులు ఆ గీత దాటగానే తమ పద్ధతులన్నీ మార్చుకోవలసి వచ్చింది. కంచెకు కట్టె దొరకదు కాబట్టి ముళ్లతీగ వచ్చింది. పైన నీరు లేదు కాబట్టి నేలలోంచి తోడే గాలిమర వచ్చింది. వెబ్ వాదనపై తర్వాతి చరిత్రకారులు విమర్శలు చేశారు. ఆ మైదానాల్లో అంతకుముందే జీవించిన కొమాంచీ వంటి మూలవాసుల అనుభవానికి ఆయన తగిన చోటు ఇవ్వలేదన్నది వాటిలో ముఖ్యమైనది. అయినా వాన గీతను చరిత్ర గీతగా చదవవచ్చని ఆయన చూపించాడు.

మనకూ అటువంటి గీత ఒకటి ఉంది. కోస్తాలో గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే ముందు డెల్టాలు ఏర్పడ్డాయి. అక్కడ నేల పల్లం కాబట్టి ఆనకట్ట కట్టి కాలువ తవ్వితే నీరు తనంతట తానే పారుతుంది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయింది. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. తెలంగాణలో నదులు లోతున, పొలాలు ఎత్తున ఉంటాయి. ఏటా సుమారు 90 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. కాబట్టి పడిన నీటిని పడిన చోటే ఆపాలి. కాకతీయుల కాలంలో పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు అందుకే వచ్చాయి. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. గుడి ఉన్న చోటే చెరువు కూడా ఉండడం గమనించండి. గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి నిండి అలుగు పోస్తే కిందిది నిండుతుంది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరించాలని లక్ష్యంగా పెట్టుకుంది. మన రాష్ట్రంలో చెరువు ఎంత ముఖ్యమో ఆ సంఖ్యే చెబుతుంది.

చెరువులు పూడుకుపోయిన చోట రైతు బోరు వేశాడు. నల్లగొండ బత్తాయి తోటలు చాలావరకు బోరు నీటి మీదే పెరిగాయి. టెక్సాస్ ఉత్తర భాగంలో కూడా రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఒగల్లాలా అనే విశాలమైన భూగర్భజల పొర నుంచి నీరు తోడి పత్తి పండించారు. ఇప్పుడు ఆ పొరలో నీటి మట్టం పడిపోతోంది. తన భూమి కింది నీటిని యజమాని తోడుకోవచ్చని టెక్సాస్ న్యాయస్థానం 1904లోనే తీర్పు ఇచ్చింది. మన దగ్గర భూగర్భజలాల వాడకాన్ని నియంత్రించడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దానినే మనం వాల్టా అంటాం. చట్టాలు వేరు, సమస్య ఒకటే: పక్కవాడి బోరు నా బోరును ఎండబెడితే ఎవరిని అడగాలి?

4. మూడవ ప్రశ్న: దారి ఎక్కడికి పోతుంది?

బాటసింగారం ముందు నుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణె నుంచి మచిలీపట్నం వరకు ఉంది. మీలో పెద్దవాళ్లకు అది 9వ నంబరు రహదారిగా గుర్తుండవచ్చు. నంబరు మారింది గాని ఈ దిశలో రాకపోకలు చాలా పాతవి. గోల్కొండ రాజ్యానికి రాజధాని పీఠభూమి మీద ఉంది, రేవు సముద్రం ఒడ్డున ఉంది. రెండింటినీ కలపకపోతే వ్యాపారం లేదు. వజ్రాలు, అద్దకం బట్టలు మచిలీపట్నం రేవుకు చేరేవి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ గోల్కొండ నుంచి మచిలీపట్నానికి వెళ్లే మార్గాన్ని తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు.

మీరు హయత్‌నగర్‌లో బస్సు దిగితే ఆ కాలపు ఆనవాలు ఇప్పటికీ చూడవచ్చు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరు మీద ఆ ఊరు, మసీదు వెలిశాయి. మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదుల వరుస ఉంది. దగ్గరలోనే పెద్ద బావి ఉంది. రాజధాని వదిలిన బిడారుకు నీరు, నీడ కావాలి. రాజధానికి వచ్చే బిడారుకు నగరం చేరేముందు ఒక మజిలీ కావాలి. అందువల్ల అక్కడ సరాయి కట్టారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బాటసింగారం అనే పేరులో "బాట" వినిపిస్తుంది కాబట్టి ఊరు ఈ బాట వల్లనే పుట్టిందని మీరు రాయాలనుకోవచ్చు. తొందరపడకండి. ఊరి పేరు ఒక ఆధారానికి దారి చూపుతుంది గాని అదే ఆధారం కాదు. శాసనమో, పాత రెవెన్యూ రికార్డో, యాత్రికుడి రాతో దొరికేవరకు దానిని ఊహగానే పేర్కొనండి.

దారి నిలిచి ఉంటుంది. దాని మీది రేవులు, సంతలు కదులుతాయి. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఇసుక మేటలతో అప్పటికే తగ్గుతున్న ఆ రేవు వైభవం మళ్లీ తిరిగి రాలేదు. టెక్సాస్‌లో గాల్వెస్టన్ అనే రేవు పట్టణం కూడా ఇలాగే దెబ్బతిన్నది. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపానులో అక్కడ సుమారు 8 వేల మంది మరణించారని అంచనా. ఆ తర్వాత సముద్రానికి దాదాపు 80 కిలోమీటర్లు లోపల ఉన్న హ్యూస్టన్ వరకు ఓడల కాలువను లోతు చేశారు. 1914లో అది ప్రారంభమైంది. అంతకు ముందే, 1901లో బోమాంట్ దగ్గర చమురు బయటపడింది. చమురు, కాలువ కలిసి హ్యూస్టన్‌ను మహానగరం చేశాయి.

మన పండ్ల మార్కెట్ కథ చిన్నదే గాని తీరు అదే. ఒకప్పుడు నగరం నడిబొడ్డున మొజంజాహీ మార్కెట్ ప్రాంతంలో పండ్ల వ్యాపారం జరిగేది. 1980లలో అది గడ్డిఅన్నారానికి వచ్చింది. అప్పటికి గడ్డిఅన్నారం నగరం అంచు. మార్కెట్ చుట్టూ కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ పెరిగాయి. లారీలకు చోటు చాలలేదు. 2020 మేలో కోహెడలో మామిడి కోసం తాత్కాలికంగా వేసిన షెడ్లు గాలివానకు కూలిపోయాయి. ఆ తర్వాత గడ్డిఅన్నారం స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించి, 2021-22లో మార్కెట్‌ను బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు తరలించారు. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. నగరం పెరిగినప్పుడల్లా సరుకు దిగే చోటు ఇదే దారి మీద ఇంకాస్త తూర్పుకు జరిగింది.

మా గుమాస్తా అభ్యాసకుడు ఒక అసైన్‌మెంటులో ఈ తరలింపు గురించి రాశాడు. నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకని సంగతులు అందులో ఉన్నాయి. హమాలీలు తెల్లవారుజామున ఎన్ని గంటలకు బయలుదేరవలసి వస్తోంది, దడ్వాయిల పని వేళలు ఎలా మారాయి, గంపెడు పండ్లు కొని కొత్తపేటలో రోడ్డు పక్కన అమ్ముకునే ఆడవాళ్లకు ఆటో ఖర్చు ఎంత పెరిగింది అని అడిగి రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందటి తక్‌పట్టీలు కొన్ని ఒక వ్యాపారి దగ్గర చూశానని చెప్పాడు. ఏ పండు, ఏ ఊరు, ఎంత తూకం, ఎంత ధర అన్నీ వాటిపై ఉంటాయి. అవి చరిత్రకారుడికి ప్రాథమిక ఆధారాలు. వాటిని ఎలుకలు కొరికేలోపు నకలు తీసి పెట్టమని అతనికి చెప్పాను.

5. నాలుగవ ప్రశ్న: ఈ గీతను ఎవరు, ఎప్పుడు గీశారు?

నేల వయసు కోట్ల ఏళ్లు. చెరువుల వయసు వందల ఏళ్లు. రాష్ట్ర సరిహద్దు వయసు ఒక మనిషి జీవితకాలం కంటే తక్కువ కావచ్చు.

1815లో టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో ఒక బిడ్డ పుట్టాడనుకోండి. పుట్టినప్పుడు అది స్పెయిన్ రాజ్యం. అతని ఆరో ఏట, 1821లో, స్వతంత్ర మెక్సికో. 1836లో టెక్సాస్ స్వతంత్ర రిపబ్లిక్. 1845లో అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో విలీనం. 1861లో విడిపోయిన దక్షిణ రాష్ట్రాల సమాఖ్య. 1865లో ఆ సమాఖ్య ఓడిపోయాక మళ్లీ అమెరికా. ఇల్లు మారకుండానే అతని పైన అయిదు జెండాలు ఎగిరాయి. ఈనాటి టెక్సాస్ హద్దులు కూడా ఒక్కసారిగా ఏర్పడలేదు. 1850లో టెక్సాస్ ఇప్పటి న్యూ మెక్సికో తదితర ప్రాంతాలపై తన హక్కు వదులుకుంది. అందుకు కేంద్ర ప్రభుత్వం ఒక కోటి డాలర్లు ఇచ్చింది.

ఇప్పుడు 1945లో బాటసింగారంలో పుట్టిన ఒక అవ్వను ఊహించుకోండి. ఆమె పుట్టింది నిజాం హైదరాబాద్ సంస్థానంలో. అందులో ఎనిమిది తెలుగు, అయిదు మరాఠీ, మూడు కన్నడ జిల్లాలు ఉండేవి. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో తెలంగాణను అప్పటికి వేరుగా హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చని సూచించింది. కాని 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, కన్నడ జిల్లాలు మైసూరుకు వెళ్లాయి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. అదే సంవత్సరం పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ చేశారు. అవ్వ ఊరు కదలలేదు. 1978లో జిల్లా పేరు రంగారెడ్డి అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం ఏర్పడింది. ఆమె చిరునామా మాత్రం ఇన్నిసార్లు మారింది.

గీత మారినప్పుడల్లా పాఠ్యపుస్తకం మారుతుంది. అవ్వ, ఆమె కొడుకు, మనవడు ఒకే ఇంట్లో పెరిగినా మూడు వేర్వేరు "రాష్ట్ర చరిత్రలు" చదువుతారు. నా మనవరాలి ప్రశ్నకు నేను తడబడడానికి కారణం ఇదే. నేను చదివినప్పుడు "మా రాష్ట్రం" వేరు.

6. అయిదవ ప్రశ్న: కథ ఎవరు చెబుతున్నారు?

టెక్సాస్ పిల్లలకు అలామో కోట కథ బాగా తెలుసు. 1836 మార్చి 6న మెక్సికో సైన్యం ఆ కోటను పట్టుకుంది. అదే ఏప్రిల్ 21న సాన్ హసింటో దగ్గర టెక్సాస్ సేన గెలిచింది. దీనిని స్వాతంత్ర్య గాథగా చెబుతారు. కాని మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసిందని, కొత్త రిపబ్లిక్ రాజ్యాంగం బానిసత్వాన్ని కాపాడిందని కూడా తెలుసుకుంటే కథ మారుతుంది. గాల్వెస్టన్‌లో 1865 జూన్ 19న బానిసల విముక్తి ప్రకటన వెలువడింది. ఆ రోజు 2021లో అమెరికా జాతీయ సెలవుదినం అయింది. హువాన్ సెగీన్ అనే స్పానిష్ భాషీయుడు టెక్సాస్ పక్షాన పోరాడి సాన్ ఆంటోనియో మేయరయ్యాడు. తర్వాత అనుమానాలకు గురై 1842లో మెక్సికోకు పారిపోవలసి వచ్చింది. అటువంటి వ్యక్తిని వీరుల జాబితాలోనూ ద్రోహుల జాబితాలోనూ తేలిగ్గా ఇమడ్చలేం.

మన దగ్గర సెప్టెంబరు 17ను చూడండి. కొందరు విలీనం అంటారు, కొందరు విమోచనం అంటారు, కొందరు సమైక్యత అంటారు. 2022లో కేంద్రం విమోచన దినంగా, రాష్ట్రం సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినంగా జరిపింది. తేదీ ఒకటే. ఒక్కో పేరూ ఆనాటి అనుభవంలో ఒక్కో భాగాన్ని ముందుకు తెస్తుంది. రజాకార్ల దాడులకు గురైన ఊళ్లకు ఒక జ్ఞాపకం, వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా లేచిన నల్లగొండ, వరంగల్ రైతులకు ఒక జ్ఞాపకం, సైనిక చర్య తర్వాత హింసకు గురైన ముస్లిం కుటుంబాలకు మరో జ్ఞాపకం ఉన్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో రగిలిన రైతాంగ పోరాటం 1948లో ఆగిపోలేదు, 1951 దాకా సాగింది. బాటసింగారానికి ఎంతో దూరం లేని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. పోరాటాన్ని వదిలేసి భూదానం ఒక్కటే చెబితే, భూమి ప్రశ్న అంత తీవ్రంగా ఎందుకు ముందుకొచ్చిందో అర్థం కాదు.

పరీక్షలో మీరు ఏ పేరు వాడినా, ఆ పేరు ఎవరు ఎందుకు పెట్టారో ఒక్క వాక్యంలో రాయగలగాలి. అదే చరిత్ర విద్యార్థికి గుర్తు.

7. మీరు చేయవలసిన పని

ఈ అయిదు ప్రశ్నలనూ మీ ఊరికి వేయండి. ఊరి నక్షా, టోపోషీట్ చూసి చెరువు ఎక్కడ, పొలం ఎక్కడ, దారి ఎటు అని గుర్తించండి. తహసీల్ ఆఫీసులో సేత్వార్, ఖాస్రా పహాణీ వంటి పాత రికార్డుల గురించి అడగండి. జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు గ్రంథాలయాల్లో ఉంటాయి. ఊళ్లో పెద్దవాళ్లను కలిసి, వాళ్లు చెప్పింది తేదీ వేసి రాసుకోండి. ఇద్దరు చెప్పింది కలవకపోతే రెండూ రాయండి. ఏది నిజమో తేల్చడానికి తొందరపడకండి.

మీరు మార్కెట్‌లో పనిచేస్తారో, బస్సు నడుపుతారో, దుకాణంలో కూర్చుంటారో నాకు తెలియదు. మీ పనిలో మీకు తెలిసిన భూగోళం తప్పకుండా ఉంటుంది. దానిని చిన్నచూపు చూడకండి. గుమాస్తా అభ్యాసకుడు పటం మీద పెట్టిన చుక్కలతోనే నేను ఆ రోజు పాఠం మొదలుపెట్టాను. జిల్లాల పేర్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా అతనే చెప్పాడు. కొల్లాపూర్ మామిడి ఏ జిల్లాదో ఒకసారి తెలిశాక ఇక మరిచిపోవడం కష్టం.

నా మనవరాలికి వచ్చే ఆదివారం జవాబు చెప్పాను. "నాకు బడిలో చెప్పలేదమ్మా. ఇప్పుడు నేర్చుకుంటున్నాను" అన్నాను. "మీ స్టేట్‌లో కూడా నదులు ఉన్నాయా తాతా?" అని అడిగింది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు అనంతగిరి కొండల్లో మూసీ పుట్టే చోటుకు తీసుకువెళ్తానని మాట ఇచ్చాను.

సారాంశం

రాష్ట్రం అనేది నేల, నీరు, దారి, సరిహద్దు, కథ అనే అయిదు పొరలతో ఏర్పడింది. ఈ పొరల వయసులు వేరు. నేలను, నీటిని ముందుగా చదివితే చెరువులు, దారులు, సంతలు ఎందుకు పుట్టాయో అర్థమవుతుంది. సరిహద్దులు తరచూ మారాయి కాబట్టి "మన రాష్ట్రం" అనే మాటకు ఏ సంవత్సరంలో అని అడగాలి. ఒకే సంఘటనకు అనేక పేర్లు ఉన్నప్పుడు ఆ పేర్ల వెనక ఉన్న అనుభవాలను వెతకాలి. టెక్సాస్‌కైనా, తెలంగాణకైనా ఈ పద్ధతి వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెలంగాణలో చెరువులకు, కోస్తాలో కాలువలకు ప్రాధాన్యం రావడానికి భౌగోళిక కారణాలు వివరించండి.
2. మచిలీపట్నం, గాల్వెస్టన్ రేవుల చరిత్రను పోల్చండి.
3. 1945 నుంచి 2016 వరకు బాటసింగారం ఏయే పాలనా విభాగాల్లో మార్పులు చూసింది?
4. సెప్టెంబరు 17కు ఉన్న వేర్వేరు పేర్లను ప్రస్తావించి, వాటి వెనక ఉన్న దృక్పథాలను చర్చించండి.
5. మీరు పనిచేసే చోటు ఆధారంగా మీ జిల్లా భూగోళంపై రెండు పేజీల వ్యాసం రాయండి.